సెల్లార్‌లో షవర్ నేల: టైల్ వేసే ముందే తేలిపోయే పని

మీరు అడిగింది ఇదీ: నెల్లూరులో సొంత ఇల్లు. సెల్లార్‌లో వాడకుండా వదిలేసిన గదిని పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మీ తమ్ముడి కోసం బాగుచేస్తున్నారు. గది మూలన నాలుగడుగుల చదరంలో షవర్ కావాలి, టాయిలెట్ అక్కర్లేదు. తాపీ పని మీకు కొత్త. 'యాంటీ స్కిడ్ టైల్ వేసి సందుల్లో వైట్ సిమెంటు నింపితే సరిపోతుందా? ట్రాప్ మధ్యలో పెట్టాలా?' అన్నారు. ట్రాప్ అంటే నేల మీది నీళ్లు పైపులోకి దిగే చోట బిగించే జాలీ ఉన్న గిన్నె.

సరిపోదు. టైల్ నీళ్లను ఆపదు, సందుల్లో నింపే సిమెంటు అసలే ఆపదు. రోజూ స్నానం చేసే చోట కొంత నీరు సందుల గుండా కిందికి దిగుతూనే ఉంటుంది. ఆ దిగిన నీటిని కింద ఏది ఆపుతోంది, ఆపాక అది ట్రాప్ దాకా ఎలా వెళ్తోంది అన్నదే అసలు పని. టైల్ కాలికి నునుపుగా, కంటికి శుభ్రంగా ఉండడానికి వేసే పైపొర మాత్రమే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మీరు చేసుకోగలిగిన పనే. నెల్లూరు, ఒంగోలు మధ్య చాలా ఏళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. కారే బాత్రూం తవ్వి చూసిన ప్రతిసారీ టైళ్లు గట్టిగానే ఉన్నాయి. తప్పంతా వాటి కిందే ఉండేది.

టైళ్ల కొట్టుకు వెళ్లే ముందు ఒక కొలత తీయండి. మీ సెల్లార్ నేల నుంచి రోడ్డు పక్క మురుగు చాంబర్‌లోకి వెళ్లే పైపు అడుగు ఎంత ఎత్తులో ఉంది? పారదర్శకంగా ఉండే ట్యూబులో నీళ్లు నింపి, ఒక కొన చాంబర్ దగ్గర, ఇంకో కొన మెట్ల మీదుగా కిందికి దించుతూ మట్టం మార్కు చేసుకుంటూ వస్తే తెలిసిపోతుంది. మేస్త్రీలు చేసేదీ ఇదే. సెల్లార్ అంటే రోడ్డు కంటే కిందే కాబట్టి దాదాపు అన్ని ఇళ్లలో చాంబరే పైన ఉంటుంది. అంటే స్నానం నీళ్లు వాటంతట అవి బయటికి పోవు, పంపు పెట్టి ఎత్తిపోయాలి. ఈ సంగతి తేలకుండా నేల మొదలుపెట్టకండి.

చాలా సెల్లార్లలో వాన నీటి కోసం ఓ మూలన గొయ్యి, దానికో పంపు ముందే ఉంటాయి. మీ షవర్ పైపును అందులోకి కలపవచ్చు. కానీ సబ్బు నీళ్లు నిలిస్తే రెండో వారానికే వాసన మొదలవుతుంది. గొయ్యికి గట్టిగా మూసుకునే మూత ఉండాలి, అప్పుడప్పుడు అడుగు కడగాలి, పంపుకు ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టం పెరగగానే పంపును దానంతట అదే తిప్పేది) ఉండాలి. పంపు నుంచి వెళ్లే పైపును నేరుగా చాంబర్‌కు కలపకుండా, రోడ్డు మట్టం కంటే పైకి తీసుకెళ్లి అక్కడ వంపు తిప్పి కిందికి దించండి. ఆ దారిలో నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను ఒకే వైపు పోనిచ్చేది) ఒకటి తప్పనిసరి. 2015 నవంబరు వానలప్పుడు, మళ్లీ 2021 నవంబరులో సోమశిల నీళ్లతో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో పల్లపు కాలనీల పరిస్థితి మీకు గుర్తుండే ఉంటుంది. రోడ్డు డ్రైన్ నిండితే ఆ మురుగు వెనక్కి తిరిగి ముందుగా చేరేది కింద ఉన్న ట్రాప్‌లోకే. తుఫాను రోజుల్లో కరెంటు కూడా పోతుంది, పంపు తిరగదు. అలాంటి రోజు షవర్ వాడొద్దని మీ తమ్ముడికి ముందే చెప్పి పెట్టండి.

పైపు వేయడానికి నేల పగలగొట్టే ఆలోచన ఉంటే ఆగండి. సెల్లార్ ఉన్న ఇళ్లలో కింది కాంక్రీటు కొన్నిసార్లు రాఫ్ట్ పునాది. మీరు నిలబడిన నేలే ఇంటిని మోస్తుందన్నమాట. ఇల్లు కట్టిన ఇంజినీరును అడగకుండా దాని మీద సుత్తి వేయకూడదు. అంతకంటే సులువైన దారి ఉంది. షవర్ చోటును 6 నుంచి 8 అంగుళాల గట్టుగా పైకి లేపి, ట్రాపూ పైపూ ఆ ఎత్తులోనే ఇమిడేలా చేయడం. ఒక మెట్టు ఎక్కి స్నానం చేస్తాడు, అంతే. పైపు గొయ్యి దాకా చేరేసరికి వాటం (వాలు) సరిపోతుందో లేదో గట్టు ఎత్తు ఖాయం చేసే ముందే లెక్క చూసుకోండి. సీలింగ్ ఎత్తు కూడా ఒకసారి కొలవండి. గట్టు లోపల ఇంటి శిథిలాలు, ఇటుక ముక్కలు పోసి నింపొద్దు. అవి నీళ్లు తాగి ఏళ్ల తరబడి చెమ్మగానే ఉంటాయి. తక్కువ సిమెంటు కలిపిన కాంక్రీటుతో గట్టిగా నింపండి.

ఇప్పుడు చెమ్మ సంగతి. మామూలు బాత్రూంలో నీళ్లు పైనుంచే వస్తాయి. సెల్లార్‌లో కింద నుంచీ, పక్క గోడల నుంచీ కూడా వస్తాయి. మనకు వానలెక్కువ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో ఎముకలా ఎండి కనిపించిన నేల కార్తీకంలో చెమరుస్తుంది. అందుకే పరీక్ష వానల తర్వాత చేస్తేనే నిజం తెలుస్తుంది. ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ షీటును నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక పగలూ రాత్రీ ఉంచి తీయండి. షీటు అడుగున నీటి బొట్లున్నా, కింద నేల రంగు నల్లబడినా కింద నుంచి చెమ్మ వస్తున్నట్టే. గోడ మీద కూడా ఇలాగే చేయండి. చెమ్మ ఉంటే మామూలు రబ్బరు పెయింటు లాంటి కోటింగులు నేరుగా వేయకూడదు, కింది నుంచి తోసుకొచ్చే నీటికి బుడగలు లేచి ఊడిపోతాయి. కాంక్రీటు రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి అక్కడే గట్టిపడే క్రిస్టలైన్ రకం సిమెంటు కోటింగు ముందు వేయాలి, మిగతాదంతా దాని పైన. నేల తడిగా కాదు, నీళ్లు ధారగా ఊరుతూ ఉంటే మాత్రం షవర్ పని పక్కన పెట్టి ముందు దాన్ని చూపించుకోండి.

ట్రాప్ విషయానికి వస్తే, మధ్యలో పెట్టొద్దు. మధ్యలో పెడితే నేలను నాలుగు వైపుల నుంచి నాలుగు పలకలుగా వంచాలి. అడుగు టైళ్లయితే వాటిని మూలల వెంట ఏటవాలుగా కోయాలి. కొత్త చేతికి అది కష్టం. గోడల మూలలో, గోడకు కాస్త ఎడంగా ట్రాప్ పెట్టండి. అప్పుడు నేల మొత్తం ఒకే పలక, ఒకే వైపు వాలుతుంది. లెక్క కూడా తేలిక. ట్రాప్ ఉన్న మూల సున్నా అనుకోండి. దాని పక్కనున్న రెండు మూలలూ ముప్పావు అంగుళం ఎత్తు, ఎదురు మూల ఒకటిన్నర అంగుళం ఎత్తు. నాలుగడుగుల చదరానికి ఐమూలగా చూస్తే అడుగుకు పావు అంగుళం పైచిలుకు వాటం వస్తుంది. నీళ్లు నిలవవు, కాలూ జారదు. ఈ నాలుగు ఎత్తులను గోడల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి దారంతో గీతలు కలిపేస్తే మీ చేతికి దారి దొరికినట్టే. మట్టం గీత ట్యూబుతోనో రసమట్టంతోనో ముందు కొట్టుకుని, ఎత్తులు దాని నుంచే కొలవండి. సెల్లార్ నేల నుంచి కొలవొద్దు, ఆ నేల ఎక్కడా సమంగా ఉండదు.

ఇంకో కొలత మర్చిపోతుంటారు. ట్రాప్ జాలీ చివరికి టైల్ పైభాగం కంటే 2, 3 మిల్లీమీటర్లు కింద ఉండాలి. టైల్ మందం, దాన్ని అంటించే గమ్ము మందం కలిపితే అర అంగుళం దాకా వస్తుంది. కాబట్టి వాటం కోసం పోసే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పైభాగం ట్రాప్ దగ్గర జాలీ కంటే దాదాపు అర అంగుళం కిందికి ఉండేలా ట్రాప్ ఎత్తు ముందే బిగించుకోండి. కొన్న టైల్‌ను చేతిలో పెట్టుకుని కొలవండి. ట్రాప్‌లో కనీసం 50 మిల్లీమీటర్ల నీరు ఎప్పుడూ నిలిచి ఉండే రకం తీసుకోండి. ఆ నీరే గొయ్యి వాసనను గదిలోకి రానివ్వదు.

వాటం ఎక్కడ ఇవ్వాలన్నదే ఈ పనిలో కీలకం. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఏమిటంటే, చదునుగా ఉన్న కాంక్రీటు మీద వాటర్‌ప్రూఫింగ్ పూసేస్తారు, దాని మీద మాలు పోసి అక్కడ వాటం తీసి టైళ్లు వేస్తారు. పైన చూస్తే నీళ్లు చక్కగా ట్రాప్‌లోకి పోతుంటాయి. కానీ టైల్ సందుల్లోంచి దిగిన నీరు కింద చదునైన పొర మీద నిలిచి, ఎటూ పోలేక, మాలును నానబెడుతూ చివరికి గోడ పట్టుకుంటుంది. ముక్కిన వాసన, గోడ అడుగున పెయింటు పొరలుగా లేవడం, టైల్ సందుల్లో తెల్లటి ఉప్పు, ఇవన్నీ దాని గుర్తులే. మీరు దీన్ని తిరగేయండి. ముందు మాలుతో వాటం, ఆ వాటం మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద నేరుగా గమ్ముతో టైల్. అప్పుడు సందులోంచి దిగిన నీరు కూడా వాలు వెంటే ట్రాప్ వైపు జారుతుంది. మేస్త్రీని పిలిచినా సరే, ఈ వరుస మాత్రం మీ ముందే జరగాలి.

మాలుకు ఒక వంతు సిమెంటు, నాలుగు వంతుల ఇసుక. ట్రాప్ దగ్గర అంగుళం, ఎదురు మూల రెండున్నర అంగుళాల మందం అనుకుంటే మీ చోటుకు సిమెంటు అర బస్తా, ఇసుక రెండున్నర ఘనపుటడుగులు పడుతుంది. వృథాకు కాస్త ఎక్కువ తెచ్చుకోండి. పెన్నా ఇసుక దొరికితే జల్లించి వాడండి. సముద్రం వైపు వాగుల నుంచి తోలిన ఇసుక చవగ్గా వస్తుంది కానీ ఉప్పుతో పాటు వస్తుంది. అలాగే నీళ్లు. అల్లూరు, కొత్తపట్నం వైపు కొన్ని బోర్ల నీళ్లు నోట్లో పోసుకోలేం. నాలుకకు ఉప్పగా తగిలే నీళ్లతో మాలు కలిపినా, తడిపినా ఆ ఉప్పు ఎప్పటికైనా టైల్ సందుల్లోంచి తెల్లగా పైకి వస్తుంది. మున్సిపల్ నీళ్లు పట్టి పెట్టుకోండి.

కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోయాలనిపిస్తుంది, పోయకండి. గోడ పూతకు కలిపే మాలులా జారుగా ఉంటే వాటం నిలవదు, మీరు లాగిన చోటు నుంచి కిందికి జారి ట్రాప్ చుట్టూ చేరుతుంది. ఒక గుప్పెడు తీసుకుని పిడికిలి బిగించండి. సున్నుండలా ముద్ద నిలవాలి, అరచేతికి నీరు అంటకూడదు, వేలితో నొక్కితే విరగాలి. అదే సరైన పాకం. నేలను ముందు కడిగి తడిగా ఉంచి, పలుచటి సిమెంటు పాలు చీపురుతో రుద్ది, అవి ఆరకముందే మాలు పోయండి. గోడ గీతల దాకా పోసి తాపీ పిడితో, చెక్కతో గట్టిగా దిమ్మిస చేయండి. గోడల వెంట ముందు పూర్తి చేసి, తర్వాత అల్యూమినియం బద్దను గీత మీదా ట్రాప్ అంచు మీదా ఆనించి లాగితే మధ్యలో ఎక్కువైనది ఊడి వస్తుంది, తక్కువైనది కనిపిస్తుంది. తక్కువైన చోట మళ్లీ వేసి దిమ్మిస చేయాలి, పైపైన రాయొద్దు. నేల గోడ కలిసే మూలను వేలితోనో సీసా అడుగుతోనో గుండ్రంగా దిద్దండి. నిటారు మూలలో కోటింగు మొదట చిట్లేది అక్కడే.

మర్నాటి నుంచి వారం రోజులు తడపాలి. రోహిణి కార్తెలో చేస్తున్నట్టయితే తడి గోనె సంచులు పరిచి ఉంచండి. సెల్లార్ చల్లగా ఉంటుంది కాబట్టి మిద్దె మీద అంత హడావిడి ఉండదు. తడపడం ఆపాక పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడే అందరూ తొందరపడతారు.

వాటర్‌ప్రూఫింగ్‌కు పొడి, ద్రవం కలిపి బ్రష్‌తో పూసే రెండు భాగాల పాలిమర్ సిమెంటు కోటింగు తీసుకోండి. కొత్తవాళ్లకు అదే సులువు, గీతలు పడితే మళ్లీ పూయవచ్చు. డబ్బా మీద రాసిన పాళ్లు తప్పొద్దు, నీళ్లు కలపొద్దు. మొదటి కోటు పచ్చిగా ఉండగానే మూలల వెంట, ట్రాప్ చుట్టూ ఫైబర్ మెష్ పట్టీ అద్దండి. ట్రాప్ పీవీసీ అంచును ముందే గరుకు కాగితంతో గీకాలి. నున్నటి ప్లాస్టిక్ మీద ఏ కోటింగూ పట్టదు. షవర్ నేల కారే చోట్లలో గోడ మూలల కంటే ట్రాప్ అంచే ఎక్కువ. కోటింగును ట్రాప్ గొంతు లోపలికి అర అంగుళం దాకా తీసుకెళ్లండి. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా పూయండి, మొదటిది నిలువైతే రెండోది అడ్డం. గోడ మీద షవర్ తల ఎత్తు దాకా పూయండి. షవర్ లేని వైపు కనీసం అడుగు ఎత్తు.

గడప గట్టు గురించి. లోపలి నీరు బయటికి రాకుండా కట్టే ఆ చిన్న గట్టు జాలీ కంటే కనీసం రెండు అంగుళాలు పైకి ఉండాలి, దాని మీదా లోపలి వైపూ కోటింగు ఆగకుండా ఎక్కి దిగాలి. పైన పరచడానికి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క ఒకటి చాలు. ఒంగోలు వైపు పాలిషింగ్ యూనిట్ల దగ్గర కోత ముక్కలు దొరుకుతాయి. ఒకే ముక్క కావడంతో గట్టు మీద సందే ఉండదు, దాన్ని లోపలికి కాస్త వాల్చి పెట్టండి. అదే పాలిష్ రాయిని షవర్ నేలకు మాత్రం వాడొద్దు, సబ్బు నీళ్లలో జారుతుంది. మార్కాపురం పలక రాయి కాలికి బాగా పట్టు ఇస్తుంది కానీ ఒక్కో ముక్క ఒక్కో మందం ఉంటుంది. మొదటిసారి చేసే వాళ్లకు దాన్ని నేను చెప్పను.

కోటింగు డబ్బా మీద రాసినన్ని రోజులు ఆరాక నీళ్లు నిలబెట్టి చూడాలి. ఇది మానేస్తే మిగతా పనంతా నమ్మకం మీద నడిచినట్టే. ట్రాప్ గొంతును పాలిథిన్ చుట్టిన గుడ్డతో బిగించి, ఎత్తైన మూల కూడా మునిగేలా నీళ్లు పోయండి. గోడ మీద నీటి అంచున పెన్సిల్ గీత గీయండి. పక్కనే ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. 24 గంటలు తప్పనిసరి, 48 గంటలు ఉంచితే మంచిది. గిన్నెలో ఎంత తగ్గిందో నేలలోనూ అంతే తగ్గితే అది ఆవిరి. నేలలో అంతకంటే ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. ముందు గుడ్డ బిగింపు చూడండి, తర్వాత ట్రాప్ అంచు, ఆ తర్వాత మూలలు. సరిచేసి మళ్లీ నింపి చూడండి. నీళ్లు వదిలేటప్పుడు అక్కడే నిలబడి చూడండి. చివరన ఎక్కడైనా చిన్న మడుగు మిగిలితే టైల్ వేయక ముందే ఆ పల్లాన్ని సరిచేసుకోవచ్చు.

టైల్‌కు సిమెంటు ముద్దలు వద్దు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు దాన్ని పట్టుకోదు. ఐదు చోట్ల ముద్దలు పెట్టి అద్దితే మధ్యలో డొల్ల మిగిలి, ఆ ఖాళీల్లో నీళ్లు చేరతాయి. సంచి మీద ఐఎస్ 15477 అని ఉండి, వాటర్‌ప్రూఫింగ్ మీద వాడవచ్చని రాసి ఉన్న టైల్ గమ్ము కొనండి. పళ్ల తాపీతో నేలంతా ఒకే దిశలో గీతలుగా పరచండి, టైల్ వెనక కూడా పలుచగా రాయండి, పెట్టాక గీతలకు అడ్డంగా కాస్త అటూ ఇటూ జరుపుతూ నొక్కండి. మొదటి టైల్ పెట్టాక ఒకసారి ఊడదీసి వెనక చూడండి. ఎక్కడా బోడి చోటు ఉండకూడదు. పని పూర్తయ్యాక, మర్నాడు ఒక రూపాయి బిళ్లతో ప్రతి టైల్ నాలుగు మూలలూ తట్టండి. డొల్ల శబ్దం వచ్చినదాన్ని అప్పుడే తీసి మళ్లీ వేయడం తేలిక.

సందులకు వైట్ సిమెంటు కంటే ఎపాక్సీ గ్రౌట్ మంచిది, మురికి పట్టదు, సబ్బుకు కరగదు. అది తొందరగా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెం కలుపుకుంటూ, టైల్ మీద అంటినది అప్పటికప్పుడు తడి స్పాంజితో తుడవాలి. నేల గోడ కలిసే సందులో, గోడా గోడా కలిసే నిలువు సందులో మాత్రం గ్రౌట్ నింపొద్దు. అక్కడ కదలిక ఉంటుంది, గ్రౌట్ చిట్లుతుంది. సిలికాన్ సీలెంట్ వేయండి.

పంపూ, గీజరు పెట్టుకుంటే అదీ తడి చోటే ఉంటాయి కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగ్ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఈ ఒక్క పని మీరు ముట్టుకోవద్దు. కిటికీ లేని సెల్లార్ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి దాని పైపును ఇంటి బయటి గాలిలోకి తీసుకెళ్లండి, పార్కింగ్‌లోకి కాదు. స్నానం అయ్యాక ఇరవై నిమిషాలైనా అది తిరగాలి. సిలికాన్, గ్రౌట్ రెండూ ఆరాక, అంటే మూడు రోజుల తర్వాత, మీ తమ్ముడిని మొదటి స్నానం చేయమనండి. జాలీ తీసి వెంట్రుకలు ఎత్తిపోసే పని వారానికోసారి అతనిదే అని ఆ రోజే ఒప్పించుకోండి.